సీసాలోంచి సర్క్యులరు

గవ్వలేరు నీళ్లు చిక్కబడ్డాయని ప్రభుత్వానికి తెలియడానికి పదకొండేళ్లు పట్టింది. మాకు ముందే తెలుసు. కానీ మేము ఏటి పక్కన ఉండేవాళ్లం మాత్రమే, మా మాట ఫైల్లోకి ఎక్కదు.

సంగతేమిటంటే, వాన పడ్డప్పుడల్లా పొలాల్లో నీళ్లు తూముల గుండా డ్రైన్లోకి, డ్రైన్లోంచి ఏట్లోకి పోతాయి. పోతూ పోతూ పైమట్టినీ, రైతు చల్లిన యూరియానీ వెంటబెట్టుకుపోతాయి. మట్టికి ఏరు పూడింది. యూరియా తిని గుర్రపుడెక్క ఏపుగా పెరిగింది. ఒకప్పుడు పడవలు తిరిగిన చోట ఇప్పుడు కొంగలు నడుచుకుంటూ అవతలి గట్టుకి పోతున్నాయి.

నా పేరు నూకరాజు. చిలకల డ్రైను మీద లస్కరుని. లస్కరంటే తూములు తీయడం, మూయడం, గట్లు కాపలా కాయడం, పైనుంచి ఎవరైనా దిగితే కొబ్బరిబోండాం కొట్టించడం. ఇరవై మూడేళ్లుగా ఈ నాలుగు పనులూ చేస్తున్నాను. నాలుగోదాంట్లో తప్ప దేంట్లోనూ నాకు మెప్పు రాలేదు.

అలాంటిది, పోయిన ఆషాఢంలో మా సెక్షన్ ఆఫీసుకి ఒక సర్క్యులరు వచ్చింది. ఏటిని బాగు చేయడం గురించేనట.

రాజధానిలో బయల్దేరినప్పుడు అది తెల్లటి కాగితమే అయ్యుంటుంది. మా శాఖలో ఒక ఆచారం ఉంది. కాగితం ఏ ఆఫీసు గడప తొక్కినా 'అందినది' అని ఒక గుండ్రటి ముద్ర పడాలి. గడప దాటేటప్పుడు 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని ఇంకో ముద్ర పడాలి. ఆ ముద్రల్ని ఖాళీ జాగాలో వేయకూడదు. ఖాళీలో వేస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి కాబట్టి ఎవడైనా దిద్దేస్తాడని భయం. అందుకని ముద్ర ఎప్పుడూ అక్షరాల మీదే పడాలని ఏనాటిదో నియమం. తర్వాత అసలు కాగితాన్ని బీరువాలో పెట్టి, దాని జిరాక్సుని కిందికి పంపుతారు.

ఏడు ఆఫీసులు. పద్నాలుగు ముద్రలు. ఏడో జిరాక్సు మా దగ్గరికొచ్చేసరికి అది సర్క్యులరో, కాటుక తుడిచిన గుడ్డో చెప్పడం కష్టమైంది. మా గుమాస్తా కామేశ్వరం గారు కిటికీ దగ్గర పెట్టి గంటసేపు తంటాలు పడితే మూడు ముక్కలు దొరికాయి. 'మట్టి, ఎరువు' అని ఒకచోట. 'సీసా' అని ఒకచోట. 'స్పష్టంగా చదవగలిగినట్లు' అని మూడోచోట. అన్నిటికీ కింద కమిషనర్ గారి సంతకం మాత్రం మిలమిలలాడుతోంది. దాని మీద ముద్ర గుద్దే ధైర్యం దారిలో ఎవరికీ లేకపోయింది.

ఇంకెవరైనా అయితే పైకి ఫోన్ చేసి ఇంకో కాపీ అడిగేవారు. మాకు కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి చక్రపాణి గారు అలాంటి మనిషి కారు.

"ఉత్తర్వు అర్థం కాలేదని పై అధికారులకు తెలియజేయుట క్రమశిక్షణారాహిత్యం క్రిందికి వస్తుంది కామేశ్వరం గారూ," అన్నారాయన. "నిశితంగా పరిశీలించినట్లయితే దీని అంతరార్థం సుస్పష్టం. పొలం నుంచి వెలువడు నీటిని సీసాలో పట్టవలెను. ఆ సీసా వెనుక అక్షరాలు ఉంచవలెను. సీసాలోంచి స్పష్టంగా చదవగలిగినట్లయితే నీటిలో మట్టి లేదు, ఏటిలోకి వదలవచ్చు. చదవలేనట్లయితే వదలరాదు. ఎంతటి శాస్త్రీయ దృక్పథం!"

నిజం చెప్పొద్దూ, నాకూ సబబుగానే అనిపించింది. కామేశ్వరం గారే నసిగారు.

"ఏ అక్షరాలు పెట్టి చదవాలండీ? అది కనపడట్లేదు మరి."

చక్రపాణి గారు ఆయన వంక జాలిగా చూశారు. "సర్క్యులరు కంటే ప్రామాణికమైన అక్షరాలు ఇంకేమి ఉండునయ్యా? సర్క్యులరునే చదవవలెను."

అదండీ మొదలు.

వారం తిరక్కుండా చిలకల డ్రైను మీదున్న రెండొందల పన్నెండు తూములకీ ఇసుక బస్తాలు అడ్డంపెట్టి, పైన తాడు కట్టి, తాడుకి లక్క ముద్ర వేశాం. పరీక్ష నెగ్గిన తూమే తెరవాలి. ఆ లక్క కరగబెట్టింది నేనే. చేతులు బొబ్బలెక్కాయి.

అన్నిటికంటే చివర సూరాయమ్మ పిన్ని పొలం. పిన్ని అంటే వరసకే గానీ చుట్టరికం లేదు, మా పేటలోనే ఉంటుంది. బాబాయి పోయాక రెండెకరాలు కౌలుకి తీసుకుని ఒంటి చేత్తో చేస్తోంది. అప్పటికి ఊడ్పులై పది రోజులైంది. పచ్చగా నిలదొక్కుకుంటున్న వరి.

ఆ పొలం తూముకి ముందు ఒక గుంట ఉంటుంది. మోకాలి లోతు, మంచమంత పొడుగు. గుంటకీ తూముకీ మధ్య రెండు బారల మేర గరికా తుంగా దట్టంగా పెంచింది. పొలంలో నీళ్లు మొదట గుంటలో దిగి నిలబడతాయి, మట్టి అడుక్కి చేరుతుంది. మిగతాది గడ్డి పట్టుకుంటుంది. వేసవిలో గుంట ఎండాక ఆ మట్టిని తట్టలకెత్తి మళ్లీ చేలోనే చల్లుకుంటుంది. వాళ్ల మావగారి నాటి నుంచీ అంతే. ఆ తూములోంచి బురదనీళ్లు రావడం నా సర్వీసులో నేను చూడలేదు.

చక్రపాణి గారు గుంట దగ్గర ఆగారు. "ఇదేమిటి?"

"గుంటండి బాబుగారూ," అంది పిన్ని. "నా మట్టి నా దగ్గరే ఉండిపోద్దని."

"అనగా, పరీక్షకు పూర్వమే నీటిని శుభ్రపరచుచున్నావన్నమాట."

"అవునండి."

"ఇది నమూనాను తారుమారు చేయుట!" ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "నీరు సహజస్థితిలో పరీక్షకు రావలెను. నీవు దానిని ముందుగానే బాగుచేసి పంపినట్లయితే ఇక పరీక్ష యొక్క ప్రయోజనమేమి? నోట్ చేసుకోండి కామేశ్వరం గారూ."

కామేశ్వరం గారు రాసుకున్నారు. పిన్ని నా మొహంలోకి చూసింది. నేను లక్క కరిగిందో లేదో చూస్తున్నట్టు తల వంచుకున్నాను. ఏం చేయను, ఉద్యోగం.

ఎనిమిదో రోజున అల్పపీడనం పట్టింది. ఒక రాత్రీ ఒక పగలూ కుండపోతగా కురిసి వెలిసింది. తెల్లారి చూస్తే ఆయకట్టు మొత్తం ఒకే నీటి పలక. వరి కొసలు మాత్రం పైకి తేలి ఊగుతున్నాయి. మామూలుగా అయితే ఆ పూటే తూములన్నీ తీసేస్తాం, రెండు రోజుల్లో నీళ్లు లాగేస్తాయి. లేత వరి నాలుగైదు రోజులు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత మొదలు కుళ్లిపోతుంది.

సెక్షన్ ఆఫీసు ముందు సీసాల బారు మొదలైంది. మందు సీసాలు, నూనె సీసాలు, పెళ్లి భోజనాల్లో ఇచ్చిన మంచినీళ్ల సీసాలు, ఏవి పడితే అవి. బారులో అందరికంటే ముందు సూరాయమ్మ పిన్ని, వెనకాల నలభై ఎకరాల ఆసామి సుబ్బారాయుడు గారు. సుబ్బారాయుడు గారు వాన ముందురోజే ఎకరానికి రెండు బస్తాల యూరియా చల్లించారు. ఆయన సీసాలో నీళ్లు టీ రంగులో ఉన్నాయి.

పిన్ని సీసాలో నీళ్లు కొబ్బరినీళ్లలా తేటగా ఉన్నాయి. చక్రపాణి గారు సర్క్యులరుని అట్టకి అంటించి గోడకి తగిలించారు. దాని ముందు సీసా పట్టుకుని వంగి చూశారు. ఇటు తిరిగి చూశారు. అటు తిరిగి చూశారు.

"అస్పష్టం," అన్నారు. "తిరస్కరించడమైనది."

సుబ్బారాయుడు గారిదీ అస్పష్టమే. సాయంత్రానికి నూట ముప్పయ్యారు సీసాలు చూస్తే నూట ముప్పయ్యారూ అస్పష్టమే.

"ఒరే నూకరాజూ," పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "చేలో మోకాలి లోతు ఉందిరా నీళ్లు. ఇంకో మూణ్ణాలుగు రోజులు ఓర్చుద్ది. ఆపైన ఒక్క మొక్క మిగలదు. మళ్లీ ఎయ్యడానికి నారు ఎక్కడ తేను? కౌలు పొలం, ఈ పంట పోతే పైయేడు నాకు ఇవ్వరు కూడాను. మీవోడికి నువ్వైనా చెప్పరా."

చెప్పాను. పడి ఉండమన్నారు. నాకు ఒళ్లు మండింది గానీ పడి ఉన్నాను.

మర్నాడు చక్రపాణి గారికి అనుమానం వచ్చింది. అనుమానం కాగితం మీద కాదు, మా కళ్ల మీద. "నూట ముప్పయి ఆరు నమూనాలు వరుసగా విఫలమగుట గణాంకశాస్త్ర రీత్యా అసంభవం. పరీక్షించు సిబ్బంది యొక్క దృష్టిలోపమే కారణం కావలెను." వెంటనే పట్నం నుంచి కళ్ల డాక్టర్ని రప్పించి సిబ్బంది అందరికీ పరీక్ష చేయించారు. ఒక పూట దానికే పోయింది. నాకు ప్రభుత్వం వారు ఒక జత కళ్లద్దాలు ఇచ్చారు. కామేశ్వరం గారికి రెండు జతలు. అద్దాలు పెట్టుకుని చూస్తే ముద్రలు ఇంకా బాగా కనిపించాయి.

మధ్యాహ్నం అనుకోకుండా ఒక పని జరిగింది. చక్రపాణి గారు భోంచేసి, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ల సీసాని అట్ట ముందు పెట్టారు. కామేశ్వరం గారు యథాలాపంగా వంగి చూశారు.

"సార్! ఇదీ ఫెయిలేనండి!"

చక్రపాణి గారు చూశారు. ఫెయిలే. సగం తాగిన సీసాని ఆయన భయం భయంగా దూరం పెట్టారు. ఆ పూట నుంచి బోండాలే తాగారు.

అప్పుడు నేను నోరు జారాను. "సారూ, అసలు సీసా లేకుండా చదివి చూస్తే పోలేదాండి?"

చక్రపాణి గారు సీసా లేకుండా కాగితం వంక చూశారు. చాలాసేపు చూశారు. నాకు ఆశ పుట్టింది. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు తూములు తీయమంటారు అనుకున్నాను.

"కామేశ్వరం గారూ, లెటర్ తీసుకోండి," అన్నారు గంభీరంగా. "విషయం: చిలకల డ్రైను పరిసరములలో గాలి యొక్క అస్పష్టత గురించి. అయ్యా! ఈ సెక్షన్ నందు నీటి ప్రమేయం లేకుండా, కేవలం గాలి గుండా పరీక్షించినప్పటికీ ప్రామాణిక అక్షరములు చదువబడకపోవుటను బట్టి, ఇక్కడి గాలిలో సైతం మట్టి రేణువులు అధికముగా ఉన్నట్లు నిర్ధారణ అయినది. కావున సంబంధిత శాఖ వారు తక్షణమే గాలిని శుభ్రపరచవలసినదిగా..."

నేను బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. వాన వెలిసిన ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. రెండు మైళ్ల అవతల తాటితోపులో ఏ చెట్టుకి ఎన్ని గెలలో లెక్కపెట్టొచ్చు.

ఇదిలా ఉండగా మా ఆఫీసు నుంచి పైకి రోజువారీ నివేదిక పోతూనే ఉంది. ఏటిలో కలిసిన మట్టి: సున్నా. ఏటిలో కలిసిన ఎరువు: సున్నా. నిజమే మరి. నీళ్లే పోనప్పుడు మట్టెలా పోతుంది? రాష్ట్రం మొత్తం మీద వరసగా నాలుగు రోజులు సున్నా సాధించిన సెక్షన్ ఇంకోటి లేదట. కమిషనర్ గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని అయిదో రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. చక్రపాణి గారు డ్రైను గట్టు మీద షామియానా వేయించారు, పెద్ద సున్నా రాసిన బోర్డు నిలబెట్టించారు. నేను బోండాలు కోయించాను.

పిన్ని పొలం షామియానాకి ఎదురుగానే. వరి కొసలు పసుపుపచ్చగా తిరిగాయి. ఆవిడ నీళ్లలోకి దిగి ఒక మొక్క పీకి మొదలు నలిపి చూసుకుంది.

"ఇంకా గట్టిగానే ఉందిరా," అంది గట్టెక్కుతూ. "సాయంత్రం లోపు నీళ్లు దిగితే బతుకుద్ది. లేదంటే లేదు. ఆ పెద్దాయన్నే అడుగుతాను."

"వద్దు పిన్నీ, ఊరుకోడు మావాడు."

"ఊరుకోకపోతే నన్నేం పీకుతాడు? పీకడానికి నా దగ్గర ఈ వరే ఉంది."

కమిషనర్ గారు వచ్చారు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నారు. సున్నా బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగారు. "ఈ సున్నా ఒక సంఖ్య కాదు, ఒక సంకల్పం," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోంచే సూరాయమ్మ పిన్ని సీసా పట్టుకుని ముందుకొచ్చింది.

"బాబుగారూ, నా నీళ్లు ఒక్కసారి మీ చేత్తో చూడండి. మీరు బాలేదంటే నేను ఇంకేం మాట్లాడను."

చక్రపాణి గారు ఆవిణ్ని తోసెయ్యమని నాకు సైగ చేశారు గానీ, ఈలోగా కమిషనర్ గారికి ఆసక్తి పుట్టింది. "చూద్దాం చూద్దాం. పరీక్ష ఎలా జరుగుతోందో మాకూ తెలియాలి కదా."

సర్క్యులరు అట్ట తెచ్చారు. సీసా ముందు పెట్టారు. కమిషనర్ గారు వంగారు. కళ్లు చికిలించారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ వంగారు.

"ఆ సీసా పక్కన పెట్టి చదవండి బాబుగారూ," అంది పిన్ని చాలా నెమ్మదిగా. "అప్పుడైనా కనపడుద్దేమో."

కమిషనర్ గారు సీసా పక్కన పెట్టి అట్ట చేతిలోకి తీసుకున్నారు. "అసలు ఈ కాగితం ఎవరు..." అని మొదలుపెట్టి, చటుక్కున ఆగిపోయారు. ఆయన చూపు అట్ట అడుగున ఉన్న సంతకం మీద పడింది.

నేను రెండడుగుల దూరంలో బోండాం పట్టుకుని నిలబడ్డాను కాబట్టి ఆయన మొహం బాగా కనిపించింది. రాష్ట్రం మొత్తానికి పంపిన తన ఉత్తర్వు చదవడానికి పనికిరాదని, ఇంతమంది ముందు, సున్నా బోర్డు పక్కన నిలబడి ఏ కమిషనర్ చెప్పగలడు?

ఆయన గొంతు సవరించుకున్నారు. "చాలా స్పష్టంగా ఉంది," అన్నారు. సీసాని మళ్లీ అట్ట ముందు పెట్టి చదవడం మొదలుపెట్టారు. "ఏటి పరిరక్షణలో... ప్రజల భాగస్వామ్యంతో... సమగ్ర దృక్పథంతో... ఎప్పటికప్పుడు..." అలా ఏ సర్క్యులర్లోనైనా ఉండే ముక్కలు ఒక అర నిమిషం చదివారు. "ఎంత తేట నీరమ్మా ఇది! అక్షరం అక్షరం కనిపిస్తోంది."

ఆయన నడుం నిటారు చేసేలోపే నేను బోండాం కింద పడేశాను. "అయితే ఈ సీసా పాసేనాండి?"

"పాసే."

"తూము తీసెయ్యమంటారాండి?"

"తీసెయ్యవయ్యా, ఇంకా చూస్తావేం?"

ఇరవై మూడేళ్లలో నేనంత వేగంగా పరుగెత్తడం అదే. లక్క ముద్ర చేత్తో తెంపాను, బస్తాలు కాలితో తన్నాను. నీళ్లు ఒక్క ఉదుటున బయటికొచ్చాయి. గుంటలోంచి, గడ్డిలోంచి, తేటగా. పిన్ని గట్టు మీద చతికిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. నా కళ్లు మాత్రం తడిశాయి.

వెనక్కి తిరిగేసరికి సుబ్బారాయుడు గారు టీ రంగు సీసా పట్టుకుని అట్ట ముందున్నారు. చక్రపాణి గారు చిక్కులో పడ్డారు. పై అధికారికి కనిపించిన అక్షరాలు తనకి కనిపించకపోతే ఎలా? ఆయన ఆ మడ్డినీళ్లలోంచి కమిషనర్ గారికంటే గడగడా, ఒక్కచోట కూడా తడుముకోకుండా చదివారు. ఆ తర్వాత ఏ సీసా వచ్చినా పాసే. ఒకరి సీసాలో కప్పపిల్ల ఉంది, అదీ పాసైంది. పొద్దుగూకేలోపు రెండొందల పన్నెండు తూములూ తెరిచేశాం. అయిదు రోజులు ఆపిన మట్టీ, యూరియా ఒక్క సాయంత్రానికే ఏట్లో పడ్డాయి. గవ్వలేరు జావలా పారింది. గట్టు మీద సున్నా బోర్డు మాత్రం అలాగే ఉంది. అది తీయమని ఎవరూ చెప్పలేదు.

పిన్ని వరి బతికింది. మూడు వారాలకి పిలకలేసింది.

అయితే ఆ సాయంత్రం గట్టు మీద నిలబడ్డవాళ్లంతా ఒక సంగతి చూశారు. ఒక్కో తూములోంచి ఎర్రటి నీళ్లతో పాటు వాళ్ల పొలమే కొట్టుకుపోతోంది. పిన్ని తూములోంచి నీళ్లు తప్ప ఇంకేం పోవడం లేదు. మర్నాడు ఇద్దరు పారలు పట్టుకుని వచ్చి గుంట కొలతలు అడిగారు. ఆ వారంలో సుబ్బారాయుడు గారి పాలేరు కూడా వచ్చాడు. నెల తిరిగేసరికి డ్రైను మీద పదిహేడు గుంటలు వెలిశాయి. ఏ సర్క్యులరూ లేకుండా.

సర్క్యులరు లేకుండా జరిగే పని మా శాఖ కంట్లో పడకుండా ఉంటుందా? మొన్న సోమవారం నోటీసులు తయారయ్యాయి. చక్రపాణి గారు కామేశ్వరం గారి పాత నోట్ బయటికి తీశారు. నోటీసు కాగితం తెల్లగా మెరిసిపోతోంది, అక్షరాలు నల్లగా గింజల్లా ఉన్నాయి. 'నీటి నమూనాను పరీక్షకు పూర్వమే శుభ్రపరచు దురుద్దేశంతో మీ పొలం చివర తవ్విన అనధికార గుంటను ఏడు రోజులలోగా పూడ్చవలెను.' మొదటిది పిన్ని పేరు మీదే. ఇచ్చి సంతకం తెమ్మని నన్ను పంపారు.

"ఏం రాసేర్రా?" అంది పిన్ని, గుంట గట్టు మీద నిలబడి. ఆవిడకి చదువు రాదు.

నేను జేబులోంచి ప్రభుత్వం వారిచ్చిన కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. కాగితం దగ్గరగా పెట్టి చూశాను, దూరంగా పెట్టి చూశాను. గుంటలో నీళ్ల అడుగున మట్టి మెత్తగా పేరుకుని ఉంది.

"కనపడట్లేదు పిన్నీ," అన్నాను. "అచ్చు సరిగ్గా పడలేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. లక్క కరగబెట్టిన రోజున చూసినట్టే చూసింది. ఈసారి నేను తల వంచుకోలేదు.

"అద్దాలు కూడా ఇచ్చేరు కదరా నీకు."

"ఇచ్చేరు. వాటితో కూడా కనపడట్లేదు."

"అయితే నేనేం చెయ్యాలి?"

"అందులో ఏముందో తెలిసేదాకా నువ్వేం చేస్తావు పిన్నీ? ఏం చెయ్యకు."

ఆఫీసుకి తిరిగొచ్చి నోటీసు వెనకాల నా చేత్తో రాశాను: 'అస్పష్టముగా ఉన్నది. స్పష్టత నిమిత్తం పై ఆఫీసుకు పంపగలరు.' పై ఆఫీసు అంటే ఏడు ఆఫీసులు. పోవడానికి పద్నాలుగు ముద్రలు, రావడానికి పద్నాలుగు. కామేశ్వరం గారి బల్ల మీద పెట్టాను. ఆయన వెనక చదివారు. ముందుకి తిప్పి చదివారు. ముందువైపు ఒక్క అక్షరం కూడా ఆగకుండా చదివారని నాకు తెలుసు, ఆయన పెదవులు కదులుతున్నాయి.

తర్వాత సొరుగు లాగి గుండ్రటి ముద్ర తీశారు.

"ఎక్కడ వెయ్యమంటావు నూకరాజూ?"

"నియమం మీకు తెలియందేముందండీ. అక్షరాల మీదే వెయ్యాలి కదా. ఆ 'పూడ్చవలెను' దగ్గర వెయ్యండి."

ఆయన ముద్రని సిరాలో రెండుసార్లు అద్ది, గట్టిగా నొక్కారు.